సీసాల వరస

పొద్దున్నే మందుల షాపు మెట్ల మీద సీసాలు నిలబడి ఉన్నాయి. గోధుమరంగువి, ఆకుపచ్చవి, మూత పోయి గుడ్డపేలిక కుక్కినవి, మెడకు దారం చుట్టినవి. ఒకదాని వెనక ఒకటి, పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా. మనుషులు ఎదురు గోడ నీడలో కూచుని ఉన్నారు, దగ్గుకుంటూ, ఒకరి జబ్బును ఒకరు వెక్కిరించుకుంటూ. ఆ పేటలో జబ్బుపడ్డవాళ్ళు నిలబడక్కర్లేదు. వాళ్ళ బదులు సీసా నిలబడుతుంది. ముందు పెట్టిన సీసాది ముందు వంతు. ఇప్పుడు మందులన్నీ అట్టల్లోనే వస్తున్నాయి, సీసాలో పోయించుకునేది ఏమీ లేదు. అయినా ఆ షాపుకు ఖాళీ చేతులతో ఎవరూ రారు. పక్కవాళ్ళ సీసాను పక్కకు జరిపే మనిషి ఆ పేటలో ఇంకా పుట్టలేదు.

సమ్మెటలు భుజాన వేసుకుని కొందరు వచ్చారు. వాళ్ళ వెనక కాంట్రాక్టరు.

"మెట్లు రిపేరు చెయ్యాలి," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. "కానివ్వండి."

మొదటి దెబ్బ పై మెట్టు మీదే పడింది. రాయి కంటే ముందు సీసాలు పగిలాయి.

గోడ నీడలోంచి ఒక ముసలామె లేచి ఉరికింది. ఆమెకు ఉబ్బసం. ఊపిరి పీల్చినా వదిలినా గుండెల్లోంచి ఈల వినిపిస్తుంది కాబట్టి ఆమె పేరు ఈల పెద్దమ్మ. ఒకప్పుడు మిల్లులో నేల ఊడ్చేది. ఊడ్చిన దూదంతా తన గుండెల్లోనే ఉందని చెప్పి నవ్వుతుంది.

"ఆగండ్రా! ఆ పచ్చదారం కట్టింది నాది! తీసుకోనివ్వండ్రా, ఒరేయ్!"

"పక్కకి జరుగు, ముసల్దానా," అన్నాడు సమ్మెట పట్టుకున్నవాడు.

"నువ్వు జరగరా! నీకంటే ముందొచ్చాను నేను!"

వరసలో ముందొచ్చినవాళ్ళకు ఉండే హక్కు గురించి చెబుతోంది ఆమె. అది వాడికి అర్థం కాలేదు. భుజం పట్టి తోశాడు. పెద్దమ్మ గాజుపెంకుల మీద అరచేతులు ఆనించి పడింది.

కౌంటరు వెనక మందులక్క ఇదంతా చూసింది. ఆమె చేతిలో కత్తెర ఉంది, రెండో చేతిలో మాత్రల అట్ట. చూస్తూనే అట్ట కత్తిరించింది. కత్తిరించిన ముక్కను కవర్లో వేసింది. కవరు అంచు మడిచి గోటితో నొక్కింది. అప్పుడు తన చేతులను చూసుకుంది. అవి ఆగలేదు. ఒక మనిషి రక్తం కారుతూ కింద పడి ఉన్నంతసేపూ అవి తమ పని తాము చక్కగా చేసుకుపోయాయి.

భయమా? భయమైతే వణికేవి. అవి వణకలేదు. అదే ఆమెకు వింతగా అనిపించింది. లోపల ఎక్కడో ఒక తలుపు మూసిన గది ఉన్నట్టూ, ఆ గదిలోంచి ఎవరో మెల్లగా, మర్యాదగా చెబుతున్నట్టూ ఉంది: "ఇది నీకు సంబంధించింది కాదు. నీ సంగతి వేరు."

తర్వాత ఆమె పెద్దమ్మను లోపలికి తీసుకువచ్చి స్టూలు మీద కూచోబెట్టి, చేతుల్లోని పెంకులు ఒక్కొక్కటీ తీసింది. పెద్దమ్మ మూలగలేదు. ఈల మాత్రం గట్టిగా మోగుతోంది.

"చూశావా?" అంది పెద్దమ్మ.

"చూశాను."

"చూసి?"

మందులక్క దూది తడిపింది. కట్టు కట్టింది.

ఆ బిల్డింగు మందులక్క వాళ్ళ నాన్న కంటే పాతది. మిల్లు నూలు దాచుకోవడానికి కట్టిన గోడౌను అది. గోడలు ఎంత మందమంటే, కిటికీ గట్టు మీద ఒక పిల్ల కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. చిన్నప్పుడు ఆమె పడుకునేది కూడా. మిల్లువాళ్ళు వేరే గోడౌను కట్టుకున్నాక దీన్ని గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. మధ్య గదిలో వాళ్ళ నాన్న మందుల షాపు పెట్టాడు. ఆయన్ని అందరూ కాంపౌండరు అనేవాళ్ళు. ఇంట్లో కూతురు కూడా ఒక్కోసారి మరిచిపోయి "కాంపౌండరుగారూ" అని పిలిస్తే, "ఏం జబ్బమ్మా?" అని అడిగేవాడు.

మిల్లుకు తాళాలు పడిన ఏడు పేటంతా జ్వరం పాకింది. గేటు ముందు కార్మికులు కూచున్నారు. పోలీసులు దిగారు. నలుగురికి మించి ఒకచోట నిలబడితే అరెస్టు అని చాటింపు వేశారు. గేటు దగ్గర సరే, మందుల షాపు దగ్గర కూడానా అంటే, అక్కడ కూడానే. జ్వరంతో నిలబడినవాళ్ళను లాఠీలతో కొట్టారు. మందు కోసం వచ్చినవాళ్ళు వీపులకు కూడా మందు రాయించుకుని వెళ్ళారు.

మర్నాడు షాపు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక సీసా ఉంది. మనిషి లేడు. తర్వాత ఇంకో సీసా వచ్చింది. పెట్టినవాళ్ళు పెట్టి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి మెట్లు నిండాయి. కాంపౌండరు వరసలో ఒక్కో సీసా తీసి అందులో మిక్స్చరు పోసి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఏమిటిదంతా?" అని అడిగాడు.

"సీసాలండి," అన్నాడు కాంపౌండరు.

"ఆర్డరు ఉందని తెలీదా?"

"ఆర్డర్లో మనుషులు అని ఉందండి."

కౌంటరు కింద నక్కి కూచున్న పిల్ల ఆ మాట విన్నది. నాన్న గొంతు వణకడం కూడా విన్నది. వణుకుతూనే ఆ మాట అనడం విన్నది. తాళాలు తీశారు, చాటింపు మరిచిపోయారు, మిల్లు కూడా తర్వాతెప్పుడో మూతపడింది. మెట్ల మీద సీసాలు మాత్రం ఉండిపోయాయి. ఎందుకు పెడుతున్నారో కొత్తతరం వాళ్ళకు తెలీదు. అమ్మ పెట్టేది కాబట్టి పెడుతున్నారు.

ఇప్పుడు బిల్డింగును ఎవరో కొన్నారు. ఆ కొన్న మనిషిని ఎవరూ చూడలేదు. అందరూ చూసింది కాంట్రాక్టరునే. దీన్ని కూలగొట్టి అద్దాల మేడ కడతారట. కొన్నాళ్ళ కిందట అతను కౌంటరు మీద మోచేతులు ఆనించి మందులక్కతో గుసగుసగా అన్నాడు: "మేడమ్, మీ సంగతి వేరు. మీరు చదువుకున్నవాళ్ళు. కొత్త బిల్డింగులో కూడలివైపు మూల గది మీదే. ఇంకెవరితో అనకండి. ఆ గొడవల్లో తలదూర్చకండి, చాలు."

ఆమె ఎవరితోనూ అనలేదు. ఎప్పుడూ ఎవరితోనూ పెద్దగా ఏదీ అనే మనిషి కాదు. కౌంటరు ఆమెకు గోడ. ఆ గోడ ఇటువైపు నుంచి జనాన్ని ప్రేమించడం తేలిక. దగ్గు వింటుంది, మందు ఇస్తుంది, సాయంత్రం తలుపు వేసుకుని వెనక గదిలో ఒంటరిగా కూచుంటుంది. జనం మధ్యకు వెళితే మాత్రం ఊపిరాడనట్టు ఉంటుంది ఆమెకు, పెద్దమ్మకు దూదిలో ఆడనట్టు.

ఆ సాయంత్రం మీటింగు దర్జీ షాపులో పెట్టారు. సగం కుట్టిన చొక్కాలు తలలకు తగులుతుండగా అందరూ ఇరుక్కుని కూచున్నారు. షాపులవాళ్ళూ ఉన్నారు, పేటవాళ్ళూ ఉన్నారు. మందులక్క గుమ్మం దగ్గరే నిలబడింది, పారిపోవడానికి వీలుగా.

"కాలర్లు నలపకుండా కూచోండి," అన్నాడు దర్జీ. "రేపు బిల్డింగు పోయినా చొక్కా టైముకే ఇవ్వాలి నేను. సరే, ముందు ఒకటి తేల్చుకుందాం. అందరం ఒక్కమాట మీద ఉంటామా? ఎవడి దారి వాడు చూసుకుంటాడా?"

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో కూడా రకాలుంటాయి. ఇది ఏదో దాచుకున్నవాళ్ళ మౌనం. మందులక్కకు దాని వాసన తెలుసు.

గడియారాలు బాగుచేసే తాత నుదుటి మీది భూతద్దం సర్దుకున్నాడు. "ఒక్కమాట మీద ఉండాలి, నిజమే. కాకపోతే... నా సంగతి కాస్త వేరు."

ఆ మాట వినగానే మందులక్క తల తిప్పి తాతను చూసింది. తన లోపలి గదిలో మాట్లాడిన గొంతు బయట ఇంకొకరి నోట్లోంచి వస్తోంది.

"ఏం వేరు తాతా?" అంది దర్జీ కూతురు. కాలేజీలో చదువుతోంది, ఏదీ వదిలిపెట్టే రకం కాదు.

"ఏదో ఉందిలే అమ్మడూ."

"ఏముంది?"

"ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"ఎవరు?"

తాత నీళ్ళు నమిలాడు. "ఇంకెవరు, కాంట్రాక్టరు. కొత్త బిల్డింగులో నాకో గది ఉందిలే. మూల గది. కూడలివైపు."

దర్జీ చేతిలోంచి టేపు జారింది. "మూల గదా? అది నాది కదా!"

"నీదేమిట్రా?"

"నాదే! ఈ బల్ల మీద చెయ్యేసి చెప్పాడు నాతో! నీలాంటి పనివాడు కూడలిలో ఉండాలి అన్నాడు!"

మూల నుంచి ఫోటోస్టూడియో అతను మెల్లగా అడిగాడు: "కూడలివైపే కదా మీరంటున్నది? పెద్ద కిటికీ ఉంటుంది, అదేనా?"

"కిటికీ కూడా చెప్పాడా నీకు?" దర్జీ లేచి నిలబడ్డాడు. "నాకు కిటికీ సంగతి చెప్పలేదే, వెధవ!"

ముందు ఈల పెద్దమ్మ నవ్వింది. నవ్వు కంటే ఈల ఎక్కువ వచ్చింది. ఆ ఈలకు మిగతావాళ్ళు నవ్వారు. "ఒక్క మూలలో ఇంతమందిని ఎట్లా కూరుస్తాడే వాడు? అగ్గిపెట్టెలో పుల్లల్లాగా పేరుస్తాడా?" పెద్దమ్మ కట్టు కట్టిన చేత్తో కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం వైపు తిరిగింది. "ఏమే అమ్మాయీ, నీ మొహం అట్లా ఉందేం? నువ్వు కూడానా?"

అందరూ చూశారు. మందులక్కకు చెవులు వేడెక్కాయి. పారిపోవడానికి గుమ్మం అందుబాటులోనే ఉంది.

"నాక్కూడా," అంది.

నవ్వు ఇంకా పెద్దదయింది. ఆ నవ్వు తనను కొట్టడం లేదని, కలుపుకుంటోందని తెలుసుకోవడానికి ఆమెకు కాసేపు పట్టింది. లోపలి గది తలుపు తెరుచుకుంది. చూస్తే అందులో తాను ఒక్కతే లేదు. తాత ఉన్నాడు, దర్జీ ఉన్నాడు, ఫోటోస్టూడియో అతను ఉన్నాడు. అందరూ ఒకరికి ఒకరు కనబడకుండా చీకట్లో కూచుని, ఎవరికి వాళ్ళు తామొక్కరమే అనుకుంటూ ఉన్నారు.

నవ్వు ఆగాక ఒక మూటల కూలీ గొంతు సవరించుకున్నాడు. వాడు నవ్వలేదు. "బాగుంది. మీకు ఒక్కొక్కరికి ఒక గది చూపించాడు. మాకేం చూపించాడు? సమ్మెట. రేపు మీకు మంచి బేరం కుదిరితే మా మొహాలు చూస్తారా మీరు?"

"ఏం మాటయ్యా అది?" దర్జీకి కోపం వచ్చింది. "ఇన్నేళ్ళు నీ చొక్కాలు ఎవరు కుట్టారు?"

"ఊరికే కుట్టావా?"

"ఆయన అన్నదాంట్లో తప్పేముంది నాన్నా?" అంది దర్జీ కూతురు. "వాడు మీకు గదులు చూపించింది మీరు ఇట్లా వీళ్ళతో కలిసి కూచోకుండా ఉండాలనే. ఇప్పుడు అందరూ కలిసి వెళ్ళి ఇంకాస్త పెద్ద గదులు అడుగుతారు, అంతేనా? అద్దాల మేడలోకి ఈ పెద్దమ్మను రానిస్తారా? సీసా పెట్టుకోవడానికి అక్కడ మెట్లుంటాయా?"

"నిన్ను చదివించడం నాదే బుద్ధితక్కువ," అన్నాడు దర్జీ. కానీ కూచున్నాడు.

మందులక్క గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆమెకే తెలీదు. తలకు చొక్కా చెయ్యి తగిలింది. దాన్ని పక్కకు తోసింది. జనం మధ్యలో నిలబడితే ఊపిరి ఆడుతూనే ఉంది.

"పొద్దున మెట్ల మీద పగిలింది నా సీసాలు కాదు," అంది. గొంతు సన్నగా ఉంది. మాటలు మాత్రం స్పష్టంగా వచ్చాయి. "మీవి. నేను చూస్తూ కవరు మడిచాను. ఎందుకంటే నా సంగతి వేరు అనుకున్నాను. ఒక్కొక్కరం బేరమాడితే వాడే గెలుస్తాడు. షాపులవాళ్ళం మాత్రమే కలిసి ఆడినా వాడే గెలుస్తాడు. నేను బేరానికి వెళ్ళను. ఆ షాపు అక్కడే ఉంటుంది. మెట్లు కట్టాలి ముందు."

"వాడితో కట్టిద్దాం," అన్నారెవరో.

"వాడెందుకు కట్టడం?" అన్నాడు తాపీమేస్త్రి. పక్షవాతం వచ్చిన భార్యకు నెలనెలా మందు ఆ మెట్లెక్కే తీసుకువెళతాడు. "మనిషికో ఇటుక పట్టుకురండి. మిగతాది నాకొదిలెయ్యండి."

మర్నాడు పేటంతా ఇటుకలు మోసింది. కూలీలు మోశారు. కాలేజీ పిల్లలు పుస్తకాల సంచుల్లో తెచ్చారు. ఈల పెద్దమ్మ ఒక్క ఇటుకను చంకలో పెట్టుకుని, మూడు వీధులు దాటి, మధ్యలో కూచుని లేస్తూ తెచ్చింది. "దీన్ని పైమెట్టులో వెయ్యరా," అని మేస్త్రికి పురమాయించింది. "కింద వేస్తే తొక్కుతారు." "పైమెట్టునీ తొక్కుతారు పెద్దమ్మా." "అయితే నేనే తొక్కుతాలే, అందరికంటే ముందు." దర్జీ నీళ్ళు పోశాడు. తాత పక్కన నిలబడి, వంకర ఉందంటూ విసిగించాడు. మందులక్క చేతులకు సిమెంటు అంటింది. ఆమె దాన్ని చాలాసేపు కడుక్కోలేదు.

కాంట్రాక్టరు మధ్యాహ్నం వచ్చాడు. తడి మెట్ల ముందు ఆగి, వాటిని దాటలేక కిందనుంచే పిలిచాడు.

"ఏమిటి మేడమ్ ఇది? మీరు కూడానా? మూల గది వద్దా మీకు?"

"ఆ గదిలో ఇప్పటికే చాలామంది ఉన్నారు," అంది మందులక్క. "ఊపిరాడదు."

వెనక నవ్వులు పేలాయి. అతని మొహంలోని మర్యాద కారిపోయింది. "సరే. చూద్దాం," అన్నాడు.

చూడడం ఎట్లాగో రెండు రోజుల్లోనే తెలిసింది. పోలీసు బండి ఒకటి మైకు పెట్టుకుని వీధిలో తిరిగింది. బిల్డింగు కూలిపోయే స్థితిలో ఉందట. ప్రజల క్షేమం కోసం దాన్ని రేపు పడగొడతారట. ఈ వీధిలో నలుగురికి మించి గుమిగూడితే అరెస్టు చేస్తారట. బండి ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగింది. సందు మొదట్లో నిలబడిన కాలేజీ పిల్లలను పోలీసులు దిగి కొట్టి చెదరగొట్టారు. దర్జీ కూతురికి మోచెయ్యి వాచింది. సాయంత్రానికి వీధి ఊడ్చినట్టయింది.

మందులక్క కౌంటరు వెనక ఒక్కతే కూచుంది. నాలుగు రోజుల గొడవ తర్వాత దొరికిన నిశ్శబ్దం. హమ్మయ్య అనిపించింది. అనిపించినందుకు వెంటనే సిగ్గుపడింది. సిగ్గుపడినంత మాత్రాన ఆ హమ్మయ్య పోలేదు. రెండూ పక్కపక్కనే కూచున్నాయి. ఇక అంతా అయిపోయింది, ఇక ఎవరి మధ్యా నిలబడక్కర్లేదు, ఓడిపోయినా ఒంటరిగా శాంతంగా ఓడిపోవచ్చు. తనను ఇన్నేళ్ళూ కౌంటరు వెనక కూచోబెట్టింది ఈ శాంతమేనని ఆమెకు ఆ క్షణంలో తోచింది. దీన్నే మంచితనం అనుకుంది తాను. కాంట్రాక్టరు మోచేతులు ఆనించడానికి అంత అనువైన చోటు ఇంకెక్కడుంటుంది?

నాన్న గుర్తొచ్చాడు. ధైర్యంగా ఉన్న నాన్న కాదు, గొంతు వణికిన నాన్న. "ఆర్డర్లో మనుషులు అని ఉందండి."

వెనక గదిలో పై అరమీద కాంపౌండరు మిక్స్చరు కలిపే పెద్ద గోధుమరంగు సీసా ఉంది. ఆమె దాన్ని దించింది. లోపలి దుమ్ము పోయేదాకా కడిగింది. గుడ్డతో తుడిచింది. ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ వరసలో సీసా పెట్టలేదు. మందు ఇచ్చే మనిషికి వరసేమిటి?

బయట ఇంకా వెలుతురు ఉంది. వీధి చివర పోలీసు బండి ఆగి ఉంది. ఆమె కొత్త పైమెట్టు మీద సీసా పెట్టింది. 'టక్' మని చిన్న చప్పుడయింది. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి కూచుంది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గోడ అవతల మెల్లగా ఒక ఈల దగ్గరికి వచ్చింది, ఆగింది. 'టక్'. ఈల మళ్ళీ దూరమయింది.

మందులక్క మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఎందుకంటే చెప్పడం కష్టం. దిగులుతో మాత్రం కాదు.

తెల్లారి తలుపు తీస్తే వరసకు చివర కనబడలేదు. మెట్లు దిగి, కాలిబాట మీదుగా, దర్జీ షాపు దాటి, ఫోటోస్టూడియో దాటి, కూడలి మలుపు తిరిగి సీసాలు వెళ్ళిపోతున్నాయి. మందు సీసాలు, నూనె సీసాలు, సిరా సీసాలు, పాలసీసాలు. దారాలు కట్టినవి, పేలికలు కట్టినవి, కాలేజీ పిల్లల ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు. వీధిలో ఒక్క మనిషి లేడు. తలుపులన్నీ మూసి ఉన్నాయి, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఎండ పడి వీధంతా రంగురంగులుగా ఉంది.

బుల్డోజరు కూడలిలోకి వచ్చి ఆగింది. వెనక పోలీసు జీపు. జీపులోంచి ఎస్సై, కాంట్రాక్టరు దిగారు.

"ఏమైందిరా? ఎందుకాపావు?" కాంట్రాక్టరు అరిచాడు.

డ్రైవరు పైనుంచి తొంగిచూశాడు. సన్నటి మనిషి, మొహాన సగం నిద్ర. "వరస ఉంది సార్," అన్నాడు.

"ఏం వరస?"

"సీసాల వరస. మందుల షాపుది. మా అమ్మది కూడా ఎక్కడో ఉంటుంది ఇందులో." ఇంజను కట్టేశాడు. కిందికి దిగి చేతులు తుడుచుకున్నాడు. "కావాలంటే మీరే నడుపుకోండి. తాళం దానికే ఉంది."

కాంట్రాక్టరు బండిని చూశాడు. దాన్ని నడపడం అతనికి రాదు. కట్టించడమూ పడగొట్టించడమూ తప్ప చేత్తో చేసే పని అతనికి ఏదీ రాదు.

ఎస్సై లాఠీతో ఒక సీసాను తోశాడు. అది పడి, పగలకుండా దొర్లుకుంటూ పోయింది. ఒక తలుపు తెరుచుకుంది. ఒకామె బయటికి వచ్చింది. ఒక్కతే. సీసాను తీసి, కొంగుతో తుడిచి, ఎక్కడిది అక్కడ నిలబెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

ఎస్సై ఇంకోదాన్ని పడగొట్టాడు. ఎదురు తలుపు తెరుచుకుంది. మూటల కూలీ వచ్చాడు. ఒక్కడే. నిలబెట్టాడు. వెళ్ళాడు.

మూడోదాన్ని బూటుతో తన్నాడు. అది పగిలింది. ఈసారి దర్జీ వచ్చాడు. పెంకులు ఏరి జేబులో వేసుకున్నాడు. ఆ ఖాళీ చోట తన చేతిలోని ఇంకో సీసా పెట్టాడు. "కొలత సరిపోయింది సార్," అని చెప్పి మరీ వెళ్ళాడు. కిటికీల్లోంచి నవ్వు వినిపించింది. కనబడని నవ్వును లాఠీతో కొట్టడం ఎట్లాగో ఏ ట్రైనింగులోనూ నేర్పరు. ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరు పెట్టించారివి?" వీధంతా వినబడేలా అరిచాడు. "ఎవరు మొదలుపెట్టారు?"

మందులక్క మెట్టు దిగింది. చేతులు వణుకుతున్నాయి. వణకనిచ్చింది.

"మొదటిది నాది," అంది.

"ఆర్డరు ఉందని తెలీదా నీకు?"

"తెలుసు. ఆర్డర్లో మనుషులు అని ఉంది."

"తెలివా? ఎక్కించండి జీపు!"

ఆమె ఒక్క నిమిషం అడిగింది. షాపు తాళం వేసింది. అప్పటికి దర్జీ షాపు తలుపు తీసుకుని ఈల పెద్దమ్మ వచ్చి మెట్ల మీద నిలబడి ఉంది, ఒక్కతే. తాళంచెవి ఆమె కట్టు కట్టిన చేతిలో పెట్టింది.

"నాకెందుకే ఇది? నాకు మందులు తెలుసా ఏమన్నా?"

"తెలియక్కర్లేదు పెద్దమ్మా. మెట్ల మీద కూచో చాలు."

"కూచుంటాలే." పెద్దమ్మ తన ఇటుక ఉన్న పైమెట్టు చూసుకుని, దాని మీద కూలబడింది. ఎస్సై వైపు తిరిగి ఊపిరి పీల్చుకుంది. "నేనొక్కదాన్నేరా అబ్బాయ్. లెక్కపెట్టుకో."

జీపు కదిలింది. బుల్డోజరు కూడలిలోనే ఉండిపోయింది. డ్రైవరు దాని నీడలో కూచుని బీడీ ముట్టించుకున్నాడు. వెనక అద్దంలోంచి మందులక్కకు వరస కనబడింది, మలుపు దాకా. మలుపు తిరిగాక కూడా ఉంది.

పోలీస్ స్టేషనులో ఆమెను బల్ల మీద కూచోబెట్టారు. ఎస్సై ఫోనులో ఎవరికో సర్దిచెబుతున్నాడు: "లేదు సార్... ఈ రోజు కుదరలేదు సార్... జనం లేరు సార్... లేకపోవడమేమిటంటే, ఏం చెప్పను సార్..." గోడలు తడి వాసన వేస్తున్నాయి. చేసే పనేమీ లేక ఆమె చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. వాటిని అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. షాపు ఇవాళ నిలబడింది. రేపు మళ్ళీ వస్తారు. తన మీద ఏ కేసు పెడతారో, ఎన్నాళ్ళు ఉంచుతారో తెలీదు. భయం వేసింది. ఆ భయం మాత్రం చీకటి గదిలో వేసే భయంలా లేదు. కిటికీ ఉన్న భయం అది.

మధ్యాహ్నం దాటాక బయట 'టక్' మని ఒక చప్పుడయింది.

కానిస్టేబులు లోపలికి వచ్చాడు. "సార్, మన మెట్ల మీద ఎవరో సీసా పెట్టారు."

"తీసి పారెయ్."

అతను వెళ్ళాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు. "పారేశాను సార్. మళ్ళీ పెట్టారు."

"ఎవరు?"

"చూసేసరికి ఎవరూ లేరు సార్." కానిస్టేబులు ఆగాడు. గొంతు తగ్గించాడు. "దాని వెనక ఇంకోటి ఉంది సార్. దాని మెడకు పచ్చదారం ఉంది."

ఎస్సై లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మందులక్క లేవలేదు. కళ్ళు మూసుకుని వింది. టక్. మధ్యలో ఎవరివో అడుగులు, దూరం వెళ్ళిపోయే దగ్గు. టక్. జీవితమంతా మాత్రలు లెక్కపెట్టిన అలవాటుతో వేళ్ళు వాటంతట అవే లెక్క మొదలుపెట్టాయి. టక్. టక్. ఆ లెక్క చేతికి అందేది కాదని తెలిసి, వేళ్ళు ఆగిపోయాయి.

చప్పుడు ఆగలేదు.